అమ్మ కోసం కేర్ హోమ్ వెతుకుతున్నాం. మూడు చూశాం, ఏది మంచిదో ఎలా తేల్చుకోవాలి?

గోదారమ్మాయి:
అందరికీ నమస్కారం. మేం ఉండేది హైదరాబాద్, సొంతూరు రాజమండ్రి. అమ్మకి 74 ఏళ్ళు. మూడు నెలల కిందట పక్షవాతం వచ్చి ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. ముక్కులోంచి కడుపులోకి వేసిన గొట్టం (రైల్స్ ట్యూబ్) లోంచే పాలు, జావ పోస్తున్నాం. యూరిన్‌కి క్యాథెటర్ (గొట్టం) ఉంది. షుగర్ కూడా ఉంది. మాట ముద్దముద్దగా వస్తుంది గానీ మనుషుల్ని గుర్తుపడుతుంది, మనం చెప్పేది అర్థమవుతుంది.

ఆసుపత్రి నుంచి వచ్చాక రెండు నెలలు ఇంట్లోనే చూసుకున్నాం. ఏజెన్సీ పంపిన కేర్ టేకర్లు ఇప్పటికి నలుగురు మారారు. ఒకమ్మాయి పండక్కి ఊరెళ్ళి మళ్ళీ రాలేదు. ఒకరోజు రాత్రి రెండింటికి అమ్మ ట్యూబ్ లాగేసుకుంటే, మళ్ళీ వేయించడానికి తెల్లారేదాకా తిరిగాం. నేనూ మా ఆయనా ఇద్దరం ఉద్యోగాలకి వెళ్ళాలి. తమ్ముడు డాలస్‌లో ఉన్నాడు. ఇంక మావల్ల కావట్లేదని ఒప్పుకోవడానికి నాకు చాలా రోజులు పట్టింది.

చూసిన మూడింటినీ ఎ, బి, సి అనుకుందాం. ఎ కొత్త బిల్డింగ్, మూడు అంతస్తులు, ఏసీ గదులు, లిఫ్ట్, చిన్న గుడి, తోట. నెలకి 65 వేలు. బి ఒక పాత ఇంటిని మార్చి నడుపుతున్నారు, 21 మంది ఉన్నారు, గదికి ఇద్దరు. నెలకి 42 వేలు. సి ఊరి చివర, పెద్ద హాల్లో వరసగా మంచాలు, 26 మంది. నెలకి 28 వేలు. మూడింట్లోనూ డైపర్లు, మందులు వేరే. తమ్ముడు ఎ అంటున్నాడు, డబ్బు తను పంపుతానంటున్నాడు. నాకే మనసు ఒప్పుకోవట్లేదు, ఎందుకో చెప్పలేకపోతున్నాను. వేటిని చూసి పోల్చుకోవాలి?

నైట్ డ్యూటీ సిస్టర్:
అక్కా, నేను జీఎన్ఎం (నర్సింగ్ డిప్లొమా) చేసి ఆసుపత్రుల్లోనూ, నాలుగేళ్ళు ఒక కేర్ హోమ్‌లోనూ పనిచేశాను. తోట, గుడి, లిఫ్ట్ పక్కన పెట్టండి. మీ అమ్మగారు మంచం మీద ఉన్నారు. ఆవిడకి కావలసింది మనుషులు, ముఖ్యంగా రాత్రి పూట మనుషులు.

"స్టాఫ్ ఎంతమంది" అని అడిగితే వంటాయన్నీ, వాచ్‌మన్‌నీ కలిపి చెప్తారు. అలా అడగొద్దు. "రాత్రి పదింటి నుంచి పొద్దున ఆరింటి దాకా మేలుకుని ఉండేవాళ్ళు ఎంతమంది, వాళ్ళలో నర్సింగ్ చదివినవాళ్ళు ఎందరు, వాళ్ళు చూడాల్సిన పేషెంట్లు ఎందరు" అని అడగండి. అటెండెంట్లకీ తెల్ల యూనిఫామే వేస్తారు, చూసి అందరూ నర్సులే అనుకుంటాం. ఏ కోర్సు చేశారో పేరు పెట్టి అడగండి.

ఆ తర్వాత మంచాల దగ్గరికి వెళ్ళి చూడండి. ట్యూబ్‌లో ఫీడ్ పోసేటప్పుడు తల వైపు ఎత్తి ఉందా? పోశాక కనీసం అరగంట, గంట అలాగే ఉంచుతున్నారా? వెల్లకిలా పడుకోబెట్టి పోస్తే ఊపిరితిత్తుల్లోకి వెళ్ళి న్యుమోనియా వస్తుంది. యూరిన్ బ్యాగ్ మంచం కింద వేలాడుతోందా, నేల మీద పడి ఉందా, పరుపు మీద పెట్టారా? పరుపు మీదుంటే యూరిన్ వెనక్కి పోయి ఇన్ఫెక్షన్ వస్తుంది. పేషెంట్ల పెదాలు ఎండిపోయి ఉన్నాయా? గోళ్ళు కత్తిరించారా? పడిపోయిన చెయ్యి ముడుచుకుని ఉంటే, ఆ అరచేయి విప్పి శుభ్రం చేస్తున్నారా?

పక్కకి తిప్పే చార్టు చూపించమనండి. మంచంలో ఉన్నవాళ్ళని రెండు గంటలకోసారి తిప్పాలి, లేకపోతే ఒకే చోట బరువు పడి పుండ్లు పడతాయి. చార్టు అందరూ చూపిస్తారు. రాత్రి ఎనిమిదింటికి వెళ్ళి చూస్తే ఇంకా రాని తెల్లవారుజాము నాలుగింటి గడిలో కూడా అప్పటికే టిక్కు ఉంటే అర్థం చేసుకోండి. నేను పనిచేసిన చోట అలాంటివి చూశాను, అందుకే చెప్తున్నాను.

కరీంనగర్ రవి:
అక్కా, నా సంగతి చెప్త, మీకు పనికొస్తదేమో. మా బాపును ఒక హోమ్‌ల ఉంచినం. పేరు చెప్పను. ప్రతి ఆదివారం పోతుంటిమి, ముందు ఫోన్ చేసి రమ్మనేటోళ్ళు. పోయేసరికి బాపు స్నానం చేసి, ఇస్త్రీ అంగీ వేసుకుని వీల్ చైర్ల కూసుండేటోడు. మంచిగనే చూస్తున్నరు అనుకున్నం.

మూడో నెల జ్వరం వచ్చింది. ఆసుపత్రికి తీస్కపోతే అక్కడి సిస్టర్ బాపును పక్కకు తిప్పింది. నడుము కింద, తోక ఎముక దగ్గర నా పిడికిలంత పుండు, లోపల ఎముక కనవడ్తుంది. హోమ్ వాళ్ళను అడిగితే "షుగర్ ఉంది కదా సార్, వస్తయి" అన్నరు. బాపు మళ్ల కోలుకోలే. మూడు నెలలు ప్రతి వారం పోయి కూడా బాపు వీపు ఒక్కసారి చూడలే నేను. ఇయ్యాల్టికీ నిద్రపట్టదు.

మీరు పోయినప్పుడు అమ్మను పక్కకు తిప్పి చూడుండ్రి. సిగ్గుపడకుండ్రి. నడుము, మడమలు, మోచేతులు, చెవుల వెనక. ఫోన్ చేయకుండ పోండ్రి. ముందు చెప్పి రావాలన్న హోమ్ అయితే వద్దనుకోండ్రి.

నైట్ డ్యూటీ సిస్టర్:
రవి అన్నా, మీ నాన్నగారి విషయం చదివి చాలా బాధ కలిగింది. వీల్ చైర్‌లో ముస్తాబు చేసి కూర్చోబెడితే వీపు ఎవరికీ కనపడదు. తప్పు మీది కాదు.

ఒక మాట కలుపుతాను. పుండు పడేముందు చర్మం ఎర్రబడుతుందని పుస్తకాల్లో ఉంటుంది. మన ఒంటి రంగుకి ఆ ఎరుపు సరిగ్గా కనపడదు. చుట్టూ ఉన్న చర్మం కంటే నల్లగా, ఊదాగా మారడం, ముట్టుకుంటే వేడిగానో గట్టిగానో ఉండటం, ఇవి చూసుకోవాలి. ఆ దశలో పట్టుకుని, ఆ చోట బరువు పడకుండా చేస్తే చాలావరకు తగ్గిపోతుంది. "ఇప్పుడు మీ దగ్గర పుండ్లు ఉన్నవాళ్ళు ఎంతమంది? వాళ్ళలో ఇక్కడికి వచ్చాక పడినవి ఎన్ని?" అని అడగండి. "మా దగ్గర ఎవరికీ లేవు" అని వెంటనే చెప్పేవాళ్ళ కంటే లెక్క చెప్పి, ఏం చేస్తున్నారో చూపించేవాళ్ళని నేను నమ్ముతాను.

కొలంబస్ తెలుగు నర్స్:
ఒహాయోలో ఒక నర్సింగ్ హోమ్‌లో ఆర్‌ఎన్‌గా (రిజిస్టర్డ్ నర్స్) చేస్తున్నాను. మన దగ్గర నర్సింగ్ హోమ్ అంటే చిన్న ప్రైవేటు ఆసుపత్రి. ఇక్కడ ఆ మాటకి అర్థం మీరు వెతుకుతున్నలాంటి చోటే.

ఇక్కడ పోల్చుకోవడానికి ప్రభుత్వమే ఒక వెబ్‌సైట్ పెట్టింది, కేర్ కంపేర్ అంటారు. మెడికేర్ (పెద్దవాళ్ళకి ఇక్కడి ప్రభుత్వ ఆరోగ్య బీమా), మెడికెయిడ్ (తక్కువ ఆదాయం ఉన్నవాళ్ళకి) డబ్బు తీసుకునే ప్రతి హోమ్‌కీ 1 నుంచి 5 నక్షత్రాలు ఇస్తారు. 2008 నుంచి ఉంది ఈ పద్ధతి. మూడు సంగతులు చూస్తారు: తనిఖీల్లో ఏం బయటపడింది, ఒక్కో పేషెంట్‌కి రోజుకి ఎన్ని గంటల నర్సింగ్ దొరుకుతోంది, పుండ్లు, కింద పడటాలు, మందులు లాంటి లెక్కలు ఎలా ఉన్నాయి. తనిఖీ రిపోర్టు మొత్తం ఎవరైనా చదువుకోవచ్చు.

లోపల పనిచేస్తున్నదాన్ని కాబట్టి చెప్తున్నాను, మూడింటినీ ఒకేలా నమ్మొద్దు. మూడోదానికి ఆధారం చాలావరకు హోమ్ వాళ్ళు స్వయంగా నింపి పంపే ఫారాలు. స్టాఫ్ గంటలు జీతాల రికార్డుల నుంచి వస్తాయి కాబట్టి వాటిమీద కొంచెం ఎక్కువ నమ్మకం. శని, ఆదివారాల స్టాఫ్ విడిగా చూపిస్తారు, ఏడాదిలో ఎంతమంది మానేశారో కూడా చూపిస్తారు. నేను ముందు చూసేది ఆ రెండే. తనిఖీ నక్షత్రాలు ఒకే రాష్ట్రంలోని హోముల మధ్య పోటీ. పైనున్న 10 శాతానికి 5, అడుగున ఉన్న 20 శాతానికి 1. అందుకే ఒక రాష్ట్రపు 5ని ఇంకో రాష్ట్రపు 5తో పోల్చడం కుదరదు.

మీకు అక్కడ అలాంటి సైట్ లేదు కాబట్టి ఆ ప్రశ్నలే మీరు స్వయంగా అడగాలి. ఏడాది కిందట ఉన్న అటెండెంట్లలో ఇప్పటికీ ఎంతమంది ఉన్నారని అడగండి. మీ అమ్మగారి ముద్దమాట అర్థం కావాలంటే రోజూ చూసే మనిషే ఉండాలి.

డాలస్ తమ్ముడు:
అక్క నన్ను కూడా ఇక్కడ చేర్చింది. కొలంబస్ అక్కయ్యా, అమ్మని ఇక్కడికే తెచ్చుకుంటే మెడికేర్‌లో ఈ నర్సింగ్ హోమ్ ఖర్చు కవర్ అవుతుందా? నేను సిటిజన్‌ని, అమ్మకి గ్రీన్ కార్డ్ అప్లై చేయగలను.

కొలంబస్ తెలుగు నర్స్:
కాదు తమ్ముడూ. మీ అమ్మగారికి ఇక్కడ పనిచేసిన చరిత్ర లేదు కదా. గ్రీన్ కార్డ్ వచ్చాక వరసగా 5 ఏళ్ళు ఇక్కడ ఉంటేనే డబ్బు కట్టి మెడికేర్ కొనుక్కునే వీలు. అది ఉన్నా ఏళ్ళ తరబడి హోమ్‌లో ఉండే ఖర్చు ఇవ్వదు. మామూలు మెడికేర్‌లో, ఆసుపత్రిలో కనీసం 3 రోజులు ఇన్‌పేషెంట్‌గా ఉండి, ఆ తర్వాత నర్సింగ్ లేదా థెరపీ అవసరం ఉంటే 100 రోజుల వరకు ఇస్తుంది. మొదటి 20 రోజులు పూర్తిగా, తర్వాత రోజుకి ఇంత అని మనం కట్టాలి. ఈ ఆశ పెట్టుకుని అంత దూరం ప్రయాణం చేయించొద్దు.

కృష్ణా తీరం:
అందరూ ఏ హోమ్ మంచిదో చెప్తున్నారు. కన్నతల్లిని హోమ్‌లో పెట్టడం అవసరమా అని ఒక్కరూ అడగలేదు. మా అమ్మ మంచాన పడ్డ ఆరేళ్ళూ మేం ఇంట్లోనే చూశాం. డబ్బు తగ్గినా పర్వాలేదు, ఒకరు ఉద్యోగం మానేయొచ్చు కదా.

గోదారమ్మాయి:
ఈ ప్రశ్న నన్ను నేను రోజూ అడుగుతున్నానండీ. ఇంటి లోన్ ఉంది, పిల్లలిద్దరూ చదువుకుంటున్నారు. ఉద్యోగం మానేసినా అమ్మని నేనొక్కదాన్నే తిప్పలేను. ఒకసారి తిప్పబోయి ఇద్దరం జారాం. అమ్మకి దెబ్బ తగల్లేదు, అంతే అదృష్టం.

విశ్రాంత మాస్టారు:
కృష్ణా తీరం గారూ, మీ అమ్మగారికి మీరు చేసిన సేవకి నమస్కారం. నా వయసు 79. భార్య పోయాక మూడేళ్ళుగా నేనే ఒక సీనియర్ హోమ్‌లో ఉంటున్నాను. నన్నెవరూ ఇక్కడ పడేయలేదు. కాబట్టి మంచం మీద ఉన్న మనిషి వైపు నుంచి రెండు మాటలు రాస్తాను.

అమ్మాయీ, నీకు మనసు ఒప్పుకోకపోవడానికి కారణం ఉండే ఉంటుంది. ఎ హోమ్‌కి మళ్ళీ వెళ్ళి, అక్కడివాళ్ళు పేషెంట్‌తో మాట్లాడతారా, పేషెంట్ మీదుగా పక్కవాళ్ళతో మాట్లాడుకుంటారా గమనించు. మా దగ్గర ఒకామె ఉంది, పెద్ద చదువేం లేదు. డైపర్ మార్చేముందు కర్టెన్ లాగి, "మాస్టారూ, కుడి పక్కకి తిప్పుతున్నానండీ" అని చెప్పి చేతులు వేస్తుంది. ఇంకొకతను చెప్పకుండానే దుప్పటి లాగేస్తాడు. ఇద్దరూ చేసేది ఒకే పని. రెండోవాడి డ్యూటీ అయితే ఆ రోజు పొద్దున్నించే నాకు గుండె దడ.

గంట కొట్టి చూడు. పేషెంట్ ఎవరైనా ఒప్పుకుంటే కాలింగ్ బెల్ నొక్కించి గడియారం చూసుకో. బెల్ మంచానికి అందేంత దూరంలో ఉందో లేదో కూడా చూడు, మీ అమ్మకి కుడి చెయ్యే పనిచేస్తుంది కదా. రాత్రి భోజనం ఎన్నింటికి పెడతారో అడుగు. స్టాఫ్ వెళ్ళిపోతారని కొన్ని చోట్ల ఆరున్నరకే పెట్టేస్తారు. మళ్ళీ ఎనిమిదింటికి గానీ టిఫిన్ రాదు. షుగర్ ఉన్న మనిషికి అన్ని గంటలు ఖాళీ కడుపు మంచిది కాదు.

ఫిజియో_గుంటూరు:
ఇంతవరకు ఎవరూ అడగని ప్రశ్న ఒకటి. ట్యూబ్, క్యాథెటర్ ఇంకా ఎందుకు ఉన్నాయి? తెలివిలో ఉండి, మాట వస్తున్న మనిషికి మింగడం మళ్ళీ పరీక్షించారా? పక్షవాతం తర్వాత మొదటి కొన్ని నెలల్లోనే ఎక్కువ మెరుగుదల వస్తుంది. ఆ సమయం ఊరికే పోకూడదు.

నేను చాలా హోములకి వెళ్తాను. ట్యూబ్ ఉంటే ఫీడ్ అయిదు నిమిషాల్లో పోసేయొచ్చు. స్పూన్‌తో తినిపించాలంటే ముప్పావు గంట కూర్చోవాలి. క్యాథెటర్ ఉంటే పక్క మార్చే పని తక్కువ. అందుకని చాలా చోట్ల అవి తీసే ఆలోచనే రాదు. మూడు హోములకీ వెళ్ళి "మా అమ్మకి ట్యూబ్ తీయాలంటే మీరేం చేస్తారు?" అని అడగండి. వచ్చే జవాబే చాలావరకు మీకు దారి చూపిస్తుంది. ఇంకో సంగతి, లేపేటప్పుడు పడిపోయిన చెయ్యి పట్టుకుని లాగుతున్నారేమో చూడండి. ఆ భుజం జారిపోతుంది, ఆ నొప్పి తగ్గడం చాలా కష్టం.

ఒంగోలు వకీలు:
కాగితాల సంగతి క్లుప్తంగా. డిపాజిట్ ఎంత, ఎన్ని రోజుల్లో వెనక్కి ఇస్తారు, ఆసుపత్రిలో ఉన్న రోజులకి ఛార్జీ తీసుకుంటారా, ఏడాదికి ఎంత పెంచుతారు, రాత్రి సీరియస్ అయితే ఏ ఆసుపత్రికి, ఎవరి అనుమతితో తీసుకెళ్తారు, ఇవన్నీ రాతలో ఉండాలి. 70 ఏళ్ళు నిండినవాళ్ళకి ఆదాయంతో సంబంధం లేకుండా 2024 అక్టోబరు నుంచి ఇస్తున్న ఆయుష్మాన్ వయ వందన కార్డు తీసుకోండి. దాని 5 లక్షలు ఆసుపత్రి వైద్యానికే, హోమ్ నెలవారీ ఖర్చుకి రాదు. హోమ్‌లో ఏదైనా అన్యాయం జరిగితే వృద్ధుల హెల్ప్‌లైన్ ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయొచ్చు.

2007 వృద్ధుల సంరక్షణ చట్టంలో జిల్లాకి కనీసం ఒకటి చొప్పున, 150 మంది పేద వృద్ధులు ఉండగల ఆశ్రమాలు ప్రభుత్వాలు పెట్టవచ్చని ఉంది. "పెట్టాలి" అని కాకుండా "పెట్టవచ్చు" అని రాయడం వల్ల ఎంత నష్టం జరిగిందో మా కోర్టుకి వచ్చే ముసలివాళ్ళని చూస్తే తెలుస్తుంది.

గోదారమ్మాయి:
మీరందరూ చెప్పినవి కాగితం మీద రాసుకుని మళ్ళీ వెళ్ళాను. ఈసారి ఫోన్ చేయలేదు. శనివారం రాత్రి తొమ్మిదింటికి ఒకసారి, ఆదివారం మధ్యాహ్నం ఒకసారి.

ఎ దగ్గర ఏడు దాటితే పైకి పంపరట. రిసెప్షన్‌లో కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. గట్టిగా అడిగితే, రాత్రికి మూడు అంతస్తులకీ కలిపి ఒక నర్సు, ఇద్దరు అటెండెంట్లని చెప్పారు. ఉన్నది 34 మంది. ట్యూబ్ తీయడం గురించి అడిగితే "అది మీ డాక్టర్ ఇష్టం మేడమ్" అన్నారు.

సి వాళ్ళు లోపలికి రానిచ్చారు. మంచివాళ్ళండీ, దాచలేదు. రాత్రికి ఇద్దరే ఉన్నారు, పరుగులు పెడుతున్నారు. ఒక పెద్దాయన ట్యూబ్ లాగేసుకోకుండా రెండు చేతులూ గుడ్డతో మంచానికి కట్టేశారు. "ఏం చేయమంటావమ్మా, ఇంకెవరున్నారు" అంది అక్కడి ఆయమ్మ. ఏడుపొచ్చింది నాకు.

బి దగ్గర గేటు తీయడానికి కొంచెం ఆలస్యమైంది, ఎవరినో తిప్పుతున్నారట. లోపల డైపర్ వాసన ఉంది, అబద్ధం ఎందుకు. పెయింట్ ఊడిపోయి ఉంది. 21 మందికి రాత్రి ఒక జీఎన్ఎం సిస్టర్, ముగ్గురు అటెండెంట్లు. పుండ్లు ఎంతమందికని అడిగితే, "ముగ్గురికి ఉన్నాయి, ఇద్దరు వాటితోనే వచ్చారు, ఒకరికి ఇక్కడే పడింది" అని రిజిస్టర్ చూపించింది. అమ్మ గురించి చెప్తుంటే మధ్యలో ఆపి, "క్యాథెటర్ ఇంకా ఎందుకుంచారు? రెండు నెలల్లో ఎవరూ తీసి చూడలేదా?" అని నన్నే అడిగింది. ఫిజియో గారూ, మీ మాటే గుర్తొచ్చింది. సోమవారం అమ్మని బి హోమ్‌లో చేర్చాం. తమ్ముడు కూడా ఒప్పుకున్నాడు.

నైట్ డ్యూటీ సిస్టర్:
మంచి పని చేశారక్కా. సి దగ్గర చూసిన కట్టేయడం గురించి ఒక మాట. చేతికి మెత్తటి గ్లవ్ లాంటిది తొడిగి, ట్యూబ్‌ని ముక్కు దగ్గర సరిగ్గా అంటించి, పక్కన మనిషి ఉంటే చాలామందికి కట్టాల్సిన అవసరం రాదు. బి వాళ్ళతో ఇప్పుడే మాట్లాడి పెట్టుకోండి, మిమ్మల్ని అడగకుండా చేతులు కట్టకూడదని.

డాలస్ తమ్ముడు:
అక్క చెప్పిన రాత్రి లెక్కలు చూశాక నాకు అర్థమైంది. ఎక్కువ డబ్బు కడితే ఎక్కువ బాగా చూస్తారనుకున్నాను. మిగిలే 23 వేలల్లో వారానికి నాలుగు రోజులు ఫిజియో పెట్టించాం.

కృష్ణా తీరం:
అమ్మాయీ, ముందు నేను రాసింది నిన్ను నొప్పించి ఉంటుంది. మా ఇంట్లో ఆ ఆరేళ్ళూ చేసింది నా భార్య. ఆవిడకి నడుము పోయింది, ఇప్పటికీ బెల్టు పెట్టుకుంటుంది. నేను రాసేటప్పుడు ఆ సంగతి రాయలేదు. అమ్మ ఎలా ఉన్నారో అప్పుడప్పుడు రాస్తూ ఉండు.

గోదారమ్మాయి:
అయ్యో, మీరు పెద్దవారు, అలా అనుకోకండి. ఆంటీగారికి నా నమస్కారాలు చెప్పండి.

అయిదు వారాలైంది. రెండో వారంలో డాక్టర్ వచ్చి చూశాక క్యాథెటర్ తీశారు. మొదటి మూడు రోజులు చాలా ఇబ్బంది పడ్డాం, ఇప్పుడు అమ్మే సైగ చేసి బెడ్ పాన్ అడుగుతోంది. మింగడం పరీక్ష చేయించాం. నీళ్ళు పట్టడం ఇంకా వద్దన్నారు. చిక్కటి రాగి జావ మాత్రం కూర్చోబెట్టి స్పూన్‌తో పెడుతున్నారు. ట్యూబ్ ఇంకా ఉంది. బరువు 46 కిలోల నుంచి 47కి వచ్చింది.

అన్నీ బాగున్నాయని కాదు. రెండుసార్లు అమ్మ బట్టలు మారిపోయాయి, కళ్ళజోడు పోయింది. నిన్న పొద్దున సిస్టర్ తనే ఫోన్ చేసి, ఎడమ మడమ మీద నల్లగా మచ్చ కనిపించిందని చెప్పింది. పిక్క కింద దిండు పెట్టి మడమని గాల్లో ఉంచారు.

కరీంనగర్ రవి:
అక్కా, రోజూ ఒకే టైముకు, అదే వెలుతుర్ల మడమ ఫోటో తీసి పంపమను. మచ్చ పెద్దగైతుందా చిన్నగైతుందా నీకే తెలుస్తది.

గోదారమ్మాయి:
అడిగాను రవీ. నాలుగు రోజులుగా పొద్దున ఎనిమిదింటికల్లా పంపుతున్నారు. ఇవాళ మచ్చ సగానికి తగ్గింది. మొన్న సాయంత్రం చెప్పకుండా వెళ్ళి, వీపు కూడా తిప్పి చూశాను. శుభ్రంగా ఉంది.